పీలా, లేజరా?

కోలారులోని స్కిన్ క్లినిక్‌లో శశికళ మంగు మచ్చలు చూసి డాక్టరమ్మ రెండు వైద్యాలు చెప్పింది. లేజర్ అయితే రెండు రోజులు ఎండ తగలకూడదు. మందు రాసి పై చర్మాన్ని పొరలా ఊడగొట్టే పీల్ అయితే రెండు వారాలు.

“పీలే చేయండి మేడం,” అంది శశికళ, ఆలోచించకుండా.

అత్త చిన్నవెంకటమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. “పట్టుపురుగులు నాలుగోసారి కుబుసం ఇడిసి, జ్వరం లేచి ఆకు మీద పడినాయి. ఇంగ పొద్దస్తమానం ఎండలో ఆకు కొయ్యల్ల. ఇప్పుడే గుర్తొచ్చిందా నీకు మొగం?”

శశికళ తల వంచుకుంది.

చిన్నవెంకటమ్మ తన కుర్చీని డాక్టరమ్మ దగ్గరికి లాక్కుంది. “ముసలి మొగానికి గూడా ఆ పీలు చేస్తారా తల్లీ?”

“మరి ఆకెవరు కోస్తారత్తా?” అంది శశికళ.

“నా కొడుకుండాడు కదా. వాని మొగానికేమి, బాగానే ఉండాది.”