అద్దంగారి ఫోటోలో చుక్క

"ఏమండీ, మీ ఆకాశంలో చుక్కుంది," అంది భార్య, కంప్యూటర్ ముందు నుంచి లేవకుండానే.

ఫోటోగ్రాఫర్ చేతిలో ఫ్రేము ఆగిపోయింది.

ఊరంతా ఆయన్ని అద్దంగారు అంటారు. ఫోటోలు అంత శుభ్రంగా ఉంటాయి. ఈగ వాలాలన్నా ఆయన్ని అడిగి వాలాలి. "నా ఫోటోలో మచ్చ చూపిస్తే స్టూడియోకి తాళం వేసేస్తా" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు.

అలాంటి మనిషికి దొరక్క దొరక్క పెద్ద పని దొరికింది. ఏటి మీద కొత్తగా కట్టిన వంతెనకి ఆ రోజే ప్రారంభం. వంతెన ఆఫీసు హాల్లో గోడంత ఫోటో పెడతారు. అది ఈయన తీసిందే.

"చుక్కా? ఎక్కడ?"

"ఇదిగో, బ్రిడ్జి స్తంభం కొసన. ఆవగింజంత."

ఆయన వంగి చూశాడు. మొహం మాడిపోయింది.

"కెమెరా లోపల సెన్సర్ మీద దుమ్ము పడుంటుంది. నిన్న అవతలి గట్టు మీద గాలి అలా కొట్టింది మరి. చెరిపెయ్."

"పక్షేమో చూద్దామా?"

"పక్షైనా సరే, నా ఆకాశంలో దానికేం పని? చెరిపెయ్యవే, టైమైపోతోంది!"

ఒక్క నొక్కు నొక్కింది. చుక్క పోయింది. ప్రింటు తీశారు, ఫ్రేము కట్టారు, బండెక్కించి హాలుకి పంపించేశారు.

అది అటు వెళ్ళిందో లేదో, ఒకావిడ లోపలికొచ్చింది. తలకి పసుపుపచ్చ రుమాలు కట్టుకుంది. చేతుల నిండా తెల్లటి మరకలు.

"బ్రిడ్జి ఫోటో తీసింది మీరేనటగా అన్నా. ఓసారి చూడొచ్చా?"

"చూడు తల్లీ, కళ్ళారా చూడు." దాంతోపాటే తీసి కౌంటర్ మీద పెట్టుకున్న చిన్న ప్రింటు ఆవిడ వైపు తిప్పాడు. "చెయ్యి మాత్రం తగలనివ్వకు."

ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"నిన్న పొద్దున్న తీసిందేనా?"

"తొలి ఎండ పడగానే తీశాను. ఏం?"

"మా అమ్మాయితో పందెం వేసుకున్నానన్నా, ఇందులో దానికి ఒకటి చూపిస్తానని. చూపించకపోతే నావన్నీ కోతలేనట."

"ఏం చూపిస్తానన్నావు?"

"ఏదోలే అన్నా. అంత దూరం నుంచి తీస్తే మరి పడదు కదా."

అద్దంగారికి చర్రున కోపం వచ్చింది.

"పడదా? నా కెమెరాలో బ్రిడ్జి మీద చీమ పాకినా పడుతుంది!"

ఆవిడ నవ్వేసింది.

"అయితే చీమకన్నా చిన్నదన్నమాట."

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఫోటో మాత్రం బ్రహ్మాండంగా ఉందన్నా. ఇన్నాళ్ళూ దగ్గర్నుంచే చూశాను గానీ, మా బ్రిడ్జి ఇంత అందంగా ఉంటుందనుకోలేదు."

వెళ్ళిపోయింది.

"రకరకాల మనుషులు," అన్నాడాయన, ప్రింటు అంచు తుడుచుకుంటూ.

ప్రారంభం ఫోటోలకీ అదే కెమెరా పట్టుకెళ్ళాలి. దుమ్ముతో వెళ్తే పరువేం కావాలి? లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి, కావాలనే మసకగా, తెల్లగోడని ఒక ఫోటో తీశాడు. సెన్సర్ మీద నలుసుంటే ఆ తెలుపులో నల్లగా బయటపడి తీరాలి. అదీ ప్రతి ఫోటోలో అదే చోట.

భార్య దాన్ని పెద్దది చేసి మూలమూలా వెతికింది.

"ఏమీ లేదండీ."

"సరిగ్గా చూడు. స్తంభం కొస ఉన్న చోట చూడు."

"అక్కడా చూశాను. కడిగిన ముత్యంలా ఉంది మీ సెన్సర్."

ఇంకోటి తీశాడు. మళ్ళీ ఇంకోటి తీశాడు. గోడ గోడలాగే ఉంది. ఇంకో రోజైతే ఎగిరి గంతేసేవాడు.

"మరి ఆ చుక్కేంటండీ?"

ఆయన కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు.

చెరపని అసలు ఫోటో తెరిచింది భార్య. చుక్కని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

ఇద్దరి తలలూ స్క్రీన్ మీదికి వంగాయి.

"ముందు పరిగెత్తండి!" అంది ఆయన్ని గుమ్మం వైపు తోస్తూ.

చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాడు. మలుపు దగ్గర టీకొట్టు ముందు ఆయాసపడుతూ ఆగాడు.

"పసుపు రుమాలు కట్టుకున్నావిడా? వాళ్ళ లారీ ఇప్పుడే వెళ్ళిపోయిందిగా," అన్నాడు టీకొట్టాయన. "ఇంకెక్కడో పని మొదలైందట. పిల్లతో ఏదో వాదించుకుంటూ ఎక్కింది."

"పేరేంటో తెలుసా?"

"మీ కొట్టుకే కదా వచ్చింది! మీరడగలేదా?"

ఆయన తల దించుకున్నాడు.

ప్రారంభం వేళకి హాల్లో గోడ మీద కొత్త ప్రింటు ఉంది. పొద్దున పంపినదాన్ని ఆయనే నిచ్చెనెక్కి దింపాడు. దీన్ని తగిలించి, కిందికి దిగి, వంకర లేకుండా ఉందో లేదో చూసుకున్నాడు.

రిబ్బను కత్తిరించిన పెద్దాయన దాని ముందు ఆగాడు. కళ్ళజోడు సవరించుకున్నాడు. స్తంభం కొసకి వేలు చూపించి పకపకా నవ్వాడు.

"ఏమయ్యా అద్దం! చివరికి నీ కెమెరాలోనూ దుమ్ము పడిందే!"

హాలంతా నవ్వింది. భార్య కంగారుగా మొగుడి వైపు చూసింది. ఇంతకన్నా చిన్న మాటకే ఆయన ఎంతమందితో మాటలు మానేశాడో ఆవిడకి తెలుసు.

ఆయన మాత్రం ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. తన ఫోటో గురించి ఇంత గర్వంగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు.

"దుమ్ము కాదండీ," అన్నాడు అందరికీ వినపడేలా, "మనమెవరం ఎక్కలేని ఆ కొసకెక్కి, ఈ బ్రిడ్జికి ఆఖరి పూత రంగు వేసి, కూతురికి చూపించుకోవాలని నా కెమెరాకి చెయ్యూపిన తల్లి."