ఎడమచేతి కచ్చా కుట్లు

మంగళవారం కుట్టు క్లాసులోకి ఒక మగమనిషి అడుగుపెట్టాడు. ఏడుగురు ఆడవాళ్లూ, ఏడు మిషన్లూ ఒక్కసారే ఆగిపోయాయి.

ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. చంకలో పెద్ద మూట.

"మా ఆవిడ బొంతండీ," అన్నాడు మూటను బల్ల మీద దింపుతూ. "ఆదివారానికల్లా తయారవ్వాలి." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఆదివారం ఏమిటని ఎవరూ అడగలేదు. అడిగే విషయాలా ఇవి? టీచరమ్మ కుర్చీ జరిపింది. క్లాసులో కుట్టు నేర్చుకుంటున్న నర్సు మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యేలోపే ఆయనకు 'డ్రైవరన్నయ్య' అని పేరు కూడా పడిపోయింది.

మూట విప్పాడు. పై పొర చూసి అందరి నోళ్లూ తెరుచుకున్నాయి. నీలం, పసుపు, ఆకుపచ్చ, అన్నీ అరచేయంత ముక్కలు. ఏ అతుకు దగ్గరా వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇది ఆవిడ చేతిపని," అన్నాడు. "మధ్యలో పెట్టే దూది, అడుగు గుడ్డ మాత్రం నేను నిన్న కొన్నాను. ఈ మూడు పొరలూ కదలకుండా కలిపి పట్టి ఉంచడం నేర్పండి. నాకంతే చాలు."

"ఓస్, ఇంతేనా!" అంది టీచరమ్మ. "స్ప్రే జిగురు ఉంది. పొరకీ పొరకీ మధ్య కొట్టి, చేత్తో రాసేస్తే పది నిమిషాల్లో ఇంటికెళ్లిపోవచ్చు."

"జిగురేంటి టీచరమ్మా!" నర్సు మధ్యలోకి దూకింది. "సూదికి బంకలా పట్టుకుంటుంది. పిన్నీసులు పెట్టన్నయ్యా. జానెడుకొకటి. నా బొంతలన్నీ పిన్నీసులతోనే."

"అవి పెట్టి తీసేసరికి నీ వేళ్లు జల్లెడైపోవడం మేం చూళ్లేదేంటి?" అంది పక్క మిషను దగ్గరున్న బేకరీ ఆవిడ.

ఇంకేముంది, క్లాసు రెండుగా చీలిపోయింది. జిగురు పార్టీ ఒక పక్క, పిన్నీసుల పార్టీ ఒక పక్క. అసలు మనిషి ఉన్నాడన్న సంగతే మర్చిపోయారు.

డ్రైవరన్నయ్య దగ్గాడు. చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"దారంతోనండీ. తెల్లదారం. మధ్యలో మొదలుపెట్టి అంచుల దాకా. వరుసకీ వరుసకీ బెత్తెడు ఎడం. మొత్తం ఇరవై రెండు వరుసలు. ఆవిడ అలాగే కుడుతుంది."

"కచ్చా కుట్లా!" టీచరమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "నాలుగు రోజుల పని అన్నయ్యా. పైగా అసలు కుట్టు పడ్డాక ఇదంతా పీకి పారేసేదే. దేనితో పట్టి ఉంచితే ఏంటి? ఎవరికి తెలుస్తుంది?"

"ఆవిడకి తెలుస్తుంది," అన్నాడు.

నర్సు గబగబా కిటికీ వైపు తిరిగింది. ఆ తర్వాత జిగురు మాట గానీ పిన్నీసుల మాట గానీ ఎవరూ ఎత్తలేదు.

బుధవారం నుంచి పని మొదలైంది. ముప్పై ఏళ్లు స్టీరింగు తిప్పిన చేతులకు సూది లొంగితేగా! మొదటి వరుసకే తలప్రాణం తోకకొచ్చింది. వేళ్లకు నాలుగుచోట్ల ప్లాస్టర్లు పడ్డాయి. అది చాలదన్నట్టు, రెండో వరుసలో సూది ఎడమచేతికి మార్చాడు.

"ఇదేంటన్నయ్యా?" అంది బేకరీ ఆవిడ.

"ఆవిడది ఎడమచేతివాటం. కుట్లు ఇటు వాలకూడదు, అటు వాలాలి."

ఇంటికెళ్లి బేకరీ ఆవిడ ఈ మాట చెప్పి మొగుణ్ణి రెండు గంటలపాటు ఊరికే సాధించిందట. పాపం, ఆయనకు అన్నం సహించలేదు.

గురువారం నాటికి ఎనిమిది వరుసలు. శుక్రవారానికి పదిహేను. మధ్యమధ్యలో కాగితం చూసుకుంటాడు, స్కేలు పెట్టి కొలుస్తాడు, నచ్చకపోతే వరుసంతా విప్పి మళ్లీ కుడతాడు. ఒక మూల కుట్లు చక్కగా వచ్చాయని టీచరమ్మ మెచ్చుకుంటే ఉలిక్కిపడి, అవీ విప్పేశాడు.

"అక్కడ కొంచెం వంకర పోవాలి టీచరమ్మా. ఆ మూలకొచ్చేసరికి ఆవిడకి విసుగొస్తుంది."

అలాంటి మొగుడు ఏడేడు జన్మలకూ దొరకడని ఆ పూట క్లాసు ఏకగ్రీవంగా తీర్మానించింది.

శనివారం మధ్యాహ్నం ఇరవై రెండో వరుస పూర్తయింది. డ్రైవరన్నయ్య దారం తెంపి, నుదుటి చెమట తుడుచుకుని, బొంతను అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పి చూశాడు.

"ఇక్కడే వదిలెయ్యన్నయ్యా," అంది టీచరమ్మ. "అసలు కుట్టు మేం వేస్తాం. తలా ఒక చెయ్యి వేస్తే రేపు పొద్దుటికి బొంత పూర్తయిపోతుంది."

"వద్దమ్మా, వద్దు!" బొంతను గుండెలకు హత్తుకున్నాడు. "ఆవిడ ఎక్కడ ఆపిందో అక్కడే ఆగాలి. దాని మీద ఇంకొక్క కుట్టు పడకూడదు."

ఇక నర్సు దాచుకోలేదు, పైకే ఏడ్చేసింది. ఏడుగురూ మెట్ల దాకా వచ్చి సాగనంపారు. టీచరమ్మ ఆయన వీపు నిమిరి, ధైర్యంగా ఉండమని చెప్పింది. ఉంటానన్నాడు గానీ, ఆ ముఖంలో ధైర్యం ఛాయలు ఎక్కడా లేవు.

ఇంటికొచ్చి, బొంతను నాలుగు మడతలు పెట్టి, ఆవిడ కుట్టుమిషను పక్కన స్టూలు మీద సరిగ్గా ఎప్పుడూ ఉండేచోటే ఉంచాడు. రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. మళ్లీ ముందుకొచ్చి, ఒక అంచు కాస్త సర్దాడు. కళ్లు మూసుకుని హమ్మయ్య అనుకునేలోపే ఫోను మోగింది.

"ఏమండీ, చెల్లి ఇంకో రెండ్రోజులు ఉండమంటోంది గానీ నేను రేపు పదకొండింటి బస్సుకే వచ్చేస్తున్నా, ఇంతకీ ఈసారైనా నా బొంతను తిరగేసి, దాని మీద చొక్కాలు పరిచి ఇస్త్రీ చేసి అడుగు గుడ్డ కాల్చిపెట్టలేదు కదా?"