సోల్వోర్ ఫిర్యాదు

“నీ మీద ఫిర్యాదు రాశాను ఐలర్ట్,” అంది సోల్వోర్. కాగితం బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేసింది.

పదో తరగతిలో మిగతా ముగ్గురూ అప్పటికే వెళ్ళిపోయారు. లెక్కల మాస్టారు ఐలర్ట్ బోర్డు తుడవడం ఆపి చేతులు దులుపుకున్నాడు. నార్వేలోని ఆ చిన్న ద్వీపపు బడిలో పంతుళ్ళను అందరూ పేరు పెట్టే పిలుస్తారు. సోల్వోరూ అంతే.

“ఎందుకట?”

“లెక్కల్లో ఆరుకి నాలుగు వేశావు. నాకు ఐదు రావాలి.”

ఐదొస్తే ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయకి అవతలి పట్నంలో ఓడ ఇంజన్ల కోర్సులో సీటు ఖాయం. నాలుగైతే వెంట్రుకవాసిలో తప్పిపోతుంది. చిన్నప్పటినుంచీ పడవ మోటార్లు విప్పడం, బిగించడం తప్ప ఇంకో ఆట ఎరగని పిల్ల సోల్వోర్. ఆ సీటు పోతే ఏం చదవాలో కూడా తోచదు.

ఐలర్ట్ కాగితం చదివాడు. మొహం మాడ్చుకుంటాడనుకుందామె. ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు.

“‘అన్యాయం జరిగింది’ అని రాస్తే ఎవడు పట్టించుకుంటాడు? ఏం జరిగిందో రాయాలి. కూర్చో.”

“నీ మీద ఫిర్యాదు నువ్వే దిద్దుతావా?”

“ఇన్ని తప్పులతో పంపితే పోయేది నా పరువే కదా! సరేగానీ, చివరి పరీక్షలో నువ్వు తప్పిన లెక్కే మీ క్లాసు త్రిగ్వె కూడా తప్పాడు. వాడికెంత వేశాను?”

“ఐదు.”

“నీకు?”

“నాలుగు.”

“మరి ఆ ముక్క రాయవేం?”

సోల్వోర్ నోరు తెరుచుకుని చూసింది. “తెలిసే వేశావా?”

“లేదు. ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తోంది.”

“అయితే మార్చెయ్యి!”

“నేను మారిస్తే బాగుండదు. పైవాళ్ళే చూడాలి. రాయి.”

మర్నాటికల్లా ద్వీపమంతా గుప్పుమంది. కొట్లో జున్ను కోస్తున్న యోరున్ కత్తి పక్కన పెట్టి మరీ నిలదీసింది.

“ఏమే, అక్షరాలు దిద్దించినవాడి మీదే ఫిర్యాదా? తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?”

“ఆయనే రాయమన్నాడు యోరున్.”

“ఆయన మంచాడు గనక సరిపోయింది. నేనైతే నీకు మళ్ళీ కాఫీ చుక్క కూడా పొయ్యను!”

సోల్వోర్ పైకి నవ్వేసింది కానీ ఆ మాట గుచ్చుకుంది. సీటు రాకపోతే తను ఏడవాలి. వస్తే ఐలర్ట్ తప్పు ఊరందరి నోళ్ళలో నానుతుంది. ఏది కోరుకోవాలో ఆమెకు తెలియలేదు.

వేసవి సెలవులు మొదలయ్యాక హెడ్‌మిస్ట్రెస్ బోర్గిల్ ఇద్దరినీ పిలిపించింది.

“పైఅధికారులు మళ్ళీ చూడమన్నారు. పేపర్లన్నీ నేనే కూర్చుని చూశాను. సోల్వోర్, నీకు ఐదు.”

సోల్వోర్ కుర్చీలోంచి సగం లేచింది. ఐలర్ట్ వంక చూడడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

బోర్గిల్ ఆయన వైపు తిరిగింది. “లెక్కలకి ఇక్కడ నువ్వు తప్ప ఇంకో దిక్కు లేదు, అందుకే ఈ క్లాసు నీకిచ్చాను. ఆ ముగ్గురి దగ్గరా నీ చెయ్యి ధారాళంగానే ఉంది. ఈ పిల్ల దగ్గరే బిగుసుకుపోయింది. ఎందుకయ్యా?”

“భయపడ్డాను.”

“ఎవరికి?”

“ఊరికి.”

ఐలర్ట్ నవ్వుతూ లేచి, సాటి పెద్దమనిషికి చాచినట్టు సోల్వోర్‌కి చెయ్యి చాచాడు.

“తప్పు నాది. నువ్వడిగావు గనక బయటపడింది. రేపు ఓడలోనైనా ఇలాగే అడుగు. అవతల ఎంత పెద్దవాడున్నా సరే.”

ఆమె ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. తన మీద ఫిర్యాదును తనే దిద్ది పంపి, ఓడిపోయాక ఇంత సంతోషపడే మనిషి ఇంకొకడుంటాడా అనిపించింది. సీటు వచ్చినందుకు కన్నా ఆయన్ని చూసే ఎక్కువ గర్వపడింది.

ఇద్దరూ బడి గేటు దాటారు. దాటాక ఆమె ఆయన భుజాన ఉన్న సంచీ అందుకుంది.

“ఇంటికి పద నాన్నా,” అంది.