వాడనివే తియ్యాలి

లోపలికి రాగానే వాగియెం చేసిన మొదటి పని ఏసీ కట్టేయడం.

"కాసేపు ఉండనియ్యవే తల్లీ!" అని మూలిగాడు కాస్మిన్. చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. బంగారంలాంటి మోటారుబండిని అమ్మించి పాత సైకిలు అంటగట్టింది ఈ మహాతల్లి. సెమరాంగ్ ఎండలో, ఆమెను వెనక కూర్చోబెట్టుకుని, మిట్ట మీదున్న మావర్ వీధి దాకా తొక్కేసరికి ప్రాణం కళ్లలోకి వచ్చింది.

"చెమట పడితే ఒంటికి మంచిది," అంది వాగియెం. గది గదికీ వెళ్లి లైట్లు ఆర్పింది. గోడకు వేలాడుతున్న చార్జర్లు పీకింది. "ఫోన్ లేని చార్జరుకు కరెంటు దేనికంట? బుద్ధుండాలి మనుషులకి!"

కాస్మిన్ ఎదురు చెబితే పోయిన వానాకాలం సంగతి తీస్తుంది.

పోయిన వానాకాలం ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. పిల్లను బీరువా మీద కూర్చోబెట్టి, వాగియెం వీధిలోకి దిగి, మూసుకుపోయిన మురుగుకాల్వలో చెయ్యి పెట్టింది. ప్లాస్టిక్ కవర్లు తోడేకొద్దీ వచ్చాయి. సగం నల్ల కవర్లు. కాస్మిన్ రోజూ పనికి పట్టుకుపోయి, తిరిగొచ్చాక కాల్వలో విసిరేసేవి. "నా బిడ్డను నీ కవర్లతోనే ముంచుతావా?" అని ఆ బురదచేత్తోనే ఒకటి అంటించింది. ఆ రోజు నుంచి తను చెప్పినట్టు వింటేనే పనిలో తోడొస్తానని తేల్చేసింది. ఆమె తోడు లేకపోతే కాస్మిన్ పని సాగదు. అతనికి చూపు తక్కువ, కంగారు ఎక్కువ.

"స్నానాలగదిలో కుళాయి కారుతోంది, చూడు."

"ఇప్పుడా?"

"సముద్రం ఎండిపోయాక చూస్తావా?"

సంచీలోంచి పట్టకారు తీసి కుళాయి బిగించి వచ్చాడు. ఈలోగా ఆమె ఫ్రిజ్ తెరిచింది. గిన్నెడు మాంసం కూర, పండగకు వండిన నాలుగు అన్నం పొట్లాలు. రేపటికి పాడయ్యేలా ఉన్నాయి. తిండి పారేయడం మహాపాపమని ప్రకటించింది. ఆమె పెట్టిన నియమాలన్నింటిలో కాస్మిన్ మనస్ఫూర్తిగా ఒప్పుకున్నది ఇదొక్కటే. ఇద్దరూ వంటింట్లో చతికిలబడి గిన్నె ఖాళీ చేశారు. చెంబుడు నీళ్లతో ఎంగిలి కంచాలు కడిగి బోర్లించి, ఆ నీళ్లు చెంబులోకే వంచి పెరటి గుమ్మంలో పెట్టింది.

అప్పుడు పడకగదిలో బీరువా తెరిచింది.

"అబ్బబ్బ! ఎన్ని గడియారాలు! మనిషికి చేతులెన్ని?"

"అవన్నీ సంచీలో వెయ్యనా?"

"ఆగు. ఈ తోలుపట్టీ అరిగింది చూడు, రోజూ పెట్టుకునేది. ఉండనీ. వాడనివే తియ్యాలి. మూలపడున్న వస్తువు నలుగురికీ చేరితే కొత్తది చేసే బాధ భూమికి తప్పుతుంది."

"మరి ఆ టీవీ?"

"కరెంటు తాగేస్తుంది. వద్దు."

కాస్మిన్ దాన్ని ఆశగా ఒకసారి తడిమాడు. గోడంత టీవీ. నిట్టూర్చి జేబులోంచి నల్ల కవరు తీశాడు. వాగియెం చూసిన చూపుకు దాన్ని మళ్లీ జేబులోనే కుక్కేసి, ఆమె కుట్టిన బట్టసంచీ పట్టాడు.

సరిగ్గా అప్పుడే గేటు గడియ గణగణలాడింది.

"ఇంట్లో ఎవరండీ? చెత్త!"

కాస్మిన్ మంచం పక్కన నక్కాడు. "పలక్కు! పోతుందిలే!"

పేటలో పొడిచెత్త పోగేసే బు నూర్యాతి, అంటే నూర్యాతమ్మ. లెబరాన్ పండగ సెలవులకు వీధిలో సగం ఇళ్లు తాళాలు పడ్డా, ఆవిడ తోపుడుబండికి మాత్రం సెలవు లేదు.

వాగియెం ఆగితేగా! వంటింటి చెత్తబుట్ట కుమ్మరించి, సీసాలు ఒకవైపు, అట్టలు ఒకవైపు చకచకా వేరుచేసి, రెండు చేతులా పట్టుకుని వెళ్లి గేటు మీదుగా అందించింది. కాస్మిన్ కర్టెన్ సందులోంచి తొంగి చూశాడు.

"అరెరె!" బు నూర్యాతి కళ్లు పెద్దవయ్యాయి. "ఈ గేటు నుంచి వేరుచేసిన చెత్త రావడం ఇదే మొదటిసారమ్మా! ఎప్పుడు పిలిచినా పలికే దిక్కుండదు. మిమ్మల్ని చూడ్డం కూడా ఇవాళే."

"పనుల మీద తిరుగుతుంటామండీ. ఇంటిపట్టున ఉండేది తక్కువ."

"ఒక ఫొటో తీసుకుంటానమ్మా. పేట గ్రూపులో పెడితే మిగతావాళ్లకూ సిగ్గొస్తుంది."

కర్టెన్ వెనక కాస్మిన్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"వద్దండీ," వాగియెం తలొంచుకుంది. "మంచిపని చేసి మొహం చూపించుకుంటే పుణ్యం దక్కదు."

"ఎంత అణకువ తల్లీ! నీలాంటివాళ్లు ఇంటికొక్కరుంటే చాలు!" బు నూర్యాతి కళ్లు ఒత్తుకుంటూ బండి తోసుకుపోయింది.

ఇంటికొక్కరా? ఆ మాటకే కాస్మిన్‌కు చెమటలు పోశాయి. సంచీ భుజాన వేసుకుని పెరట్లోకి పరుగెత్తాడు. "ఇక పద, పద!"

"ఉండవయ్యా. మొక్కలు వాడిపోయాయి. కంచాలు కడిగిన నీళ్లు పోసొస్తా."

"ఒసేయ్, నీకు దణ్ణం పెడతానే!"

"దణ్ణం తర్వాత. ఆ చెంబు ఇటియ్యి."

ఆమె ఒక్కో కుండీ దగ్గరా ఆగి, ఎండుటాకులు గిల్లి, తీరిగ్గా నీళ్లు పోస్తుంటే, పెరటిగోడ మీద గొంతుక్కూర్చున్న కాస్మిన్, ఇంటివాళ్లు ఊరి నుంచి తిరిగొచ్చేలోపైనా ఈ దొంగతనం పూర్తవుతుందా అని తల పట్టుకున్నాడు.