సెకనుకో బొమ్మ తక్కువ

“గొంతు మారిపోతుందమ్మా. ముందే చెప్తున్నా, తర్వాత నన్ననకూడదు,” అన్నాడు సినిమా ల్యాబ్ ఆపరేటర్.

కోడలు అర్థం కానట్టు చూసింది. పక్క కుర్చీలో మరిది ఫ్లాస్కు మూతలో వేడినీళ్లు పోసుకుని గుక్కగుక్కగా తాగుతున్నాడు.

“మీవాళ్లు సినిమాని సెకనుకు ఇరవై అయిదు బొమ్మల లెక్కన తీశారు. థియేటర్లలో ఆడేది ఇరవై నాలుగు. అవే బొమ్మల్ని కాస్త నిదానంగా నడిపిస్తాం. కంటికి తెలీదు. చెవికి మాత్రం గొంతులు బరువుగా వినిపిస్తాయి. సరిచెయ్యాలంటే వేరే చార్జీ.”

సినిమా తీసిందీ, హీరోగా వేసిందీ ఆమె భర్తే. దాన్ని థియేటర్లో చూసుకోకుండానే పోయాడు. “వాణ్ణి ఒక్కసారి పెద్ద తెరమీద చూపించవే. వాడి గొంతు వినాలి,” అని అత్తగారు అడిగిన రోజునుంచి కోడలికి ఇదే పని. ఆయన కెమెరా అమ్మేసింది. సబ్‌టైటిల్స్ వద్దంది. రెండో కాపీ వద్దంది. ఇక ఖర్చు తగ్గించడానికేమీ మిగల్లేదు.

“ఒకసారి వినిపించండి.”

తెరమీద భర్త వానలో తడుస్తూ తలుపు ముందు నిలబడ్డాడు. “అమ్మా! తలుపు తియ్యి.”

కోడలు కుర్చీలో ముందుకు జరిగింది. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు విన్నా ఎక్కడో తేడాగానే ఉండేది. ఇప్పుడు ఆయనే. వెనకాల నిలబడి పిలిచినట్టుంది.

మరిది చేతిలో మూత ఒరిగి నీళ్లు చొక్కామీద ఒలికాయి.

“ఇలాగే ఉంచండి,” అంది.

“సార్ గొంతు పాడైపోతుందమ్మా! డబ్బుల కోసం చూసుకోకండి.”

“డబ్బుల కోసమే. మిగిలినదాంతో ఓ పూట హాలు అద్దెకు తీసుకుంటాం.”

ఆపరేటర్ మరిదివైపు తిరిగాడు. “మీరైనా చెప్పండి బాబూ!”

మరిది గొంతు చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు.

“వారం నుంచీ బొంగురు. మాట రావట్లేదు,” అంది కోడలు, అతని మొహంలోకి చూడకుండా.

“నయం. మాటకు కూడా చార్జీ వేస్తానని భయపడ్డాడనుకున్నా,” అని గొణుక్కుంటూ ఆపరేటర్ మెషిన్ దగ్గరికెళ్లాడు.

ఆదివారం ఉదయం. ఖాళీ హాలు ఫినాయిల్ వాసన వేస్తోంది. మధ్య వరసలో కోడలికీ, చిన్నకొడుక్కీ మధ్య కూర్చుంది అత్తగారు. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది. మళ్లీ తీసి తుడుచుకుంది.

“అమ్మా! తలుపు తియ్యి.”

అత్తగారు సీట్లోంచి సగం లేచింది. కోడలు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ తర్వాత తెరమీద కొడుకు నోరు విప్పినప్పుడల్లా ఆవిడ తెరవైపు కాదు, వెనక ఖాళీ సీట్లవైపు తిరిగి చూసింది.

లైట్లు వెలిగాయి.

“ఎలా ఉంది అత్తయ్యా?” అంది కోడలు.

“అచ్చం వాడే. నా బిడ్డే పిలిచినట్టుంది.”

కోడలు అత్తగారి చెయ్యి వదిలింది.

అత్తగారు కళ్లజోడు చీరచెంగులో చుట్టుకుని, తల వంచుకుని కూర్చున్న చిన్నకొడుకు భుజమ్మీద చెయ్యి వేసింది.

“సినిమాలో అన్నయ్యకు గొంతిచ్చింది నువ్వే కదా చిన్నోడా, ఇంటికెళ్లాక తలుపవతల నిలబడి ఇంకొక్కసారి పిలవరా, ఇంతే నిదానంగా.”