వెచ్చటి ఇంజను

చిన్న ట్రక్కు సీటు కింద, ఇంజను ఉండేచోట చెయ్యి పెట్టి చూశాడు కునిహికో. ఇంజను ఇంకా వెచ్చగానే ఉంది.

ఎక్కి కూర్చోబోతే మోకాళ్ళు స్టీరింగుకు కొట్టుకున్నాయి. సీటు ముందుకంటా లాగేసి ఉంది. ముసలితనంలో నాన్న ఎత్తు తగ్గాడు గానీ పొగరు తగ్గలేదు అనుకున్నాడు.

పొద్దున తపాలావాడు ఆఫీసుకొచ్చి మరీ చెప్పాడు. "మీ చిన్న ట్రక్కు మంచులో మలుపు దగ్గర అడ్డంగా జారింది సార్. లోయలో పడిందే అనుకున్నా. దారం పట్టి లాగినట్టు మళ్ళీ తిన్నగా అయిపోయింది. అద్దం నిండా ఆవిరి, ముఖం కనపడలా. అయినా ఈ కొండ మీద అలా తిప్పేది మీ నాన్నగారు కాక ఇంకెవరు?"

కునిహికో పనే ముసలివాళ్ళకి నచ్చజెప్పి లైసెన్సులు వెనక్కి తీసుకోవడం. అందరికంటే ముందు కన్నతండ్రి దగ్గరే తీసుకున్నాడు. పూలగుత్తి ఇచ్చారు, ఫొటో తీశారు, బస్సు టికెట్ల కట్ట చేతిలో పెట్టారు. ఆ చలికాలమే ఊరికొచ్చే బస్సు ఎత్తేశారు. టికెట్లు మాత్రం ఇప్పటికీ చెల్లుతాయట. ఆస్పత్రి కనుమకి అవతల ఉంది. నడిచి పొమ్మని ఎవరూ నోటితో అనలేదు, అంతే.

నాన్న ఊరుకోడని కునిహికో బండి నడిపే వీడియో ఆట ఒకటి కొనిచ్చాడు. తెర, స్టీరింగు, కాళ్ళ దగ్గర పెడల్స్. బండి మనమే కట్టుకోవాలి. ఇంజను మార్చి, స్ప్రింగులు బిగించి, టైర్లు ఎంచుకుని, రంగు వేసి, మలుపుల్లో వెనక చక్రాలు కావాలని జారనిస్తూ అడ్డంగా నడపాలి. కుర్రతనంలో నాన్న యాయిచి ఈ కనుమలోనే అలా నడిపేవాడు. ఇప్పుడా గదిలోంచి ఇంట్లోకి టైర్ల అరుపు తప్ప ఇంకేం వినపడదు.

కునిహికో బూట్లు విప్పి లోపలికెళ్ళాడు. తండ్రి స్టీరింగు ముందు, తల్లి కినుయే పక్కన చాప మీద కమలాలు ఒలుస్తూ. తెర మీద బండి, పండిన పెర్సిమన్ పండులా ముదురు నారింజ రంగులో.

"నీ బండి తెల్లది కదా నాన్నా?"

"ముసలితనంలో రంగుల మీదకి పోయింది మనసు. నీకేం నొప్పి?"

"ట్రక్కు తీశావా?"

"నేను తియ్యలేదు."

"ఇంజను వేడిగా ఉంది."

"అయితే ఎండలో పెట్టుంటావు."

"బయట మంచు కురుస్తోంది. అమ్మా, నువ్వు చెప్పు. నాన్న బండి తీశాడా లేదా?"

"మీ నాన్న ఆ బండిని ముట్టుకుంటే నా చెయ్యి విరగ్గొట్టు," అంది కినుయే, గింజ ఉమ్మేస్తూ. "ఆయన్ని అనుమానించి నువ్వే పాడైపోతున్నావు. పండు తిను."

"ఇద్దరూ కూడబలుక్కున్నారు. మరి దెయ్యం తోలిందా?"

"అడిగేదేదో సరిగ్గా అడగరా," అన్నాడు యాయిచి.

కునిహికోకి ఒళ్ళు మండింది. రేపు ఎవరైనా బండి కింద పడితే? లైసెన్సు లేని మనిషి. పైగా లైసెన్సులు ఊడబెరికే ఆఫీసరు తండ్రి. పేపర్లో ముందు కొడుకు పేరే వేస్తారు.

"ఇంకొక్కసారి కదిలిందంటే ట్రక్కు అమ్మేస్తా."

కమల తొక్క మీద కినుయే చెయ్యి ఆగింది. "అది పోతే పక్కింటి ఉమే సాన్ ఆస్పత్రికెలా పోతుంది? రక్తం శుభ్రం చేయించుకోకపోతే ఆవిడ బతకదు."

"అంటే నాన్నే తీసుకెళ్తున్నాడన్నమాట."

"నేనట్లా అన్నానా?"

అనలేదు. కానీ కునిహికోకి ఇంకో ఆలోచన వచ్చింది. ఈ ఆటలో నడిపింది దాచిపెట్టి, చప్పుడుతో సహా మళ్ళీ చూసుకోవచ్చు. తలుపేసి ఆ చప్పుడు వదిలేసి ముసలాయన దొడ్డిదారిన జారుకుంటే కనిపెట్టేదెవరు? ఉమే సాన్ మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోజున ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చాడు. ట్రక్కు కొనేవాణ్ణి మధ్యాహ్నానికి రమ్మన్నాడు.

తల్లి తలకి మఫ్లరు చుట్టుకుంటోంది. "ఉమే సాన్ దగ్గరికెళ్తున్నా. అన్నం కుక్కర్లో ఉంది," అని వెళ్ళిపోయింది.

కునిహికో గదిలో దూరి తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు. "ఆడు నాన్నా. ఇవాళ నీ పక్క నుంచి కదల్ను."

"మంచిది. చలి కాచుకున్నట్టుంటుంది."

యాయిచి స్టీరింగు పట్టుకున్నాడు. చేతులు వణికాయి. పెర్సిమన్ రంగు బండి మొదటి మలుపులోనే గిరగిర తిరిగి దారి పక్క కమ్మీకి గుద్దుకుంది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అదే కమ్మీ.

"రోజూ ఆడి ఇదా నువ్వు నేర్చింది?"

"చెయ్యి మాట వినడంలేదు. అందుకేగా లైసెన్సిచ్చేశాను. నువ్వేదో మాటలతో పడగొట్టాననుకున్నావా?"

కునిహికో తెర పక్కన చూశాడు. ఆటలోని కనుమ దారిలో ఆ పెర్సిమన్ రంగు బండి పేరు మీద అందరికంటే పైన రికార్డు ఉంది.

"మరి ఈ రికార్డు నీది కాదా?"

"నాదని నీతో ఎప్పుడన్నా చెప్పానా?"

బయట ఇంజను గుర్రుమంది.

కునిహికో తండ్రి చేతులకేసి చూశాడు. రెండూ స్టీరింగు మీదే ఉన్నాయి. ఒక్క ఉదుటున కిటికీ దగ్గరికెళ్ళాడు. ట్రక్కు గేటు దాటింది, పక్క సీట్లో ఉమే సాన్ దుప్పటి కప్పుకుని కూర్చుంది, అవతల తోలే మనిషి కనపడలేదు.

"దొంగ! బండితో పాటు ఆవిణ్ణి కూడా," అంటూ పోలీసులకి ఫోను చెయ్యబోయాడు. యాయిచి ఫోను లాక్కున్నాడు.

"ముందు చూడు."

మలుపు దగ్గర ట్రక్కు వెనకభాగం నెమ్మదిగా పక్కకి జారింది. ముందు చక్రాలు ఎదురు తిరిగాయి. బండి ఊయల ఊగినట్టు ఒక్కసారి ఊగి, తిన్నగా సర్దుకుని, కొండ దిగిపోయింది.

"నాన్నా, ఎవరది?"

ఆ ప్రశ్న కోసం యాయిచి ఈ చలికాలమంతా కాచుకుని ఉన్నాడు.

"మీ అమ్మ, పెళ్ళికి ముందునుంచీ లైసెన్సున్న మనిషి."