బైబిల్లో లేని పేజీ

కారు అద్దం దించాలా, ఎత్తాలా అన్న దాని మీదే వాషింగ్టన్ చేరేదాకా వర్లీన్, ఒనీడా నాలుగు గంటలు పోట్లాడుకున్నారు. వర్లీన్‌కి డెబ్బై నాలుగు, ఒనీడాకి డెబ్బై ఒకటి. పోట్లాటకి వయసేమీ అడ్డం రాలేదు.

ఇద్దరూ ఒకే మనిషి సంతతి. ఆయన పేరు ఏసా వీవర్. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో నార్త్ కరోలినా పటాలంలో మూడేళ్ళు తుపాకీ మోశాడు. నల్లవాడు, కానీ ఎవరికీ బానిస కాదు. వర్లీన్ ఆయన పెద్దకొడుకు జెస్సీ వైపు మనిషి. ఒనీడా చిన్నకొడుకు విల్లిస్ వైపు మనిషి.

ఊళ్ళో కోర్టు ముందు ఆనాటి సైనికుల పేర్లతో రాతిపలక పెడుతున్నారు. సైన్యం జాబితాలో ఏసా పేరుంది. కానీ పలక కమిటీవాళ్ళు, "పేరు పక్కన రంగు రాయలేదు కాబట్టి ఈయన తెల్లవాడే. మీ ఏసా వేరే అయ్యుంటాడు" అని తేల్చేశారు. పన్ను వేసేటప్పుడు మాత్రం ఆ రంగు రాయడం ఏ గుమాస్తా మరిచిపోలేదు. శుక్రవారంలోగా రుజువు తేకపోతే పలక మీది పేరు ఇంకెవరి తాతదో అయిపోతుంది.

రుజువు ఉండేది. ఏసా పెళ్ళి, పిల్లల పుట్టుకలు, ఆయన యుద్ధం నుంచి తిరిగొచ్చిన రోజు, అన్నీ ఇంటి బైబిల్లో ఒక పేజీ మీద రాసిపెట్టారు. బైబిలు వర్లీన్ ఇంట్లో ఇప్పటికీ ఉంది. పేజీయే లేదు. ఎవరో చింపేశారు.

"మీ విల్లిస్ తాతే చింపాడు" అంది వర్లీన్, కారు నిలపడానికి చోటు వెతుకుతూ.

"బైబిలు మీ ఇంట్లో, దొంగ మా ఇంట్లోనా అక్కా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది."

"పొటాటో సలాడ్‌లో ఎండుద్రాక్ష వేసే వంశం మీది. ఎంతకైనా తెగిస్తారు."

ఇది ఈనాటి గొడవ కాదు. ఏటా ఆగస్టులో వీవర్లంతా చర్చి ఆవరణలో కలుస్తారు. జెస్సీ వైపువాళ్ళకొక బల్ల, విల్లిస్ వైపువాళ్ళకొక బల్ల. భోజనాలయ్యాక అసలు విందు మొదలవుతుంది. ఒకప్పుడు వర్లీన్ నాయనమ్మ మినర్వా ఇటు, ఒనీడా నాయనమ్మ టెంపీ అటు నిలబడి, పేజీ దొంగ మీరంటే మీరని నడుం బిగించి పోట్లాటకి దిగేవాళ్ళు. వాళ్ళ నోళ్ళు వినడానికే ఉత్తరాదికి వలసపోయిన చుట్టాలు కూడా ఫిలడెల్ఫియా నుంచి రైలెక్కి వచ్చేవాళ్ళట. వాళ్ళు పోయాక ఆ బరువు మనవరాళ్ళ మీద పడింది. ఇద్దరూ దాన్ని ఏ లోటూ లేకుండా మోస్తున్నారు.

సైనికుడి వితంతువుగా ఏసా భార్య పేషెన్స్ పెట్టుకున్న పెన్షన్ ఫైలు వాషింగ్టన్‌లో ఉందని ఊరి లైబ్రరీ ఆవిడ చెప్పింది. అందులో ఏమైనా దొరకచ్చు. ఒక్కళ్ళని పంపితే దొరికింది కాస్తా మాయమవుతుందని రెండు బల్లలవాళ్ళకీ అనుమానం. అందుకే ఇద్దర్నీ కలిపి పంపారు.

పాత కాగితాల ఆఫీసులో గుమాస్తా ఫైలు తెచ్చి మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"నెమ్మదిగా తిప్పండమ్మా. ఒకటి చూశాకే ఇంకోటి."

మూడో కాగితం దగ్గర వర్లీన్ చెయ్యి ఆగిపోయింది.

ముదురు గోధుమరంగు సిరా. ఏసా, పేషెన్స్. కింద జెస్సీ, కింద విల్లిస్. ఆ పక్కనే ఏసా యుద్ధం నుంచి తిరిగొచ్చిన రోజు. ఎడమవైపు అంచు చిరిగి ఉంది. వర్లీన్ ఫోన్‌లో ఉన్న బైబిలు చిరుగు ఫొటో తెరిచి పక్కన పెట్టింది. చిరుగుకి చిరుగు అతికినట్టు సరిపోయింది.

దానికి గుచ్చి ఒక అర్జీ. ఎవరిచేతో రాయించి, పేషెన్స్ సంతకానికి బదులు ఒక ఇంటూ గుర్తు పెట్టింది. "నా పెళ్ళికి రుజువుగా నా బైబిల్లోంచి ఈ పేజీ నేనే చించి పంపుతున్నాను. చూసుకుని తిరిగి పంపించగలరు."

సర్కారు తిరిగి పంపలేదు.

"ముసల్దే చింపిందా" అంది ఒనీడా. నవ్వు ఆపుకోలేకపోయింది. వర్లీన్‌కీ అంటుకుంది. గుమాస్తా వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. అయినా ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే వర్లీన్ ఏడ్చేసింది.

"ఆయన పేరు మనకే దక్కిందే ఒనీడా. ఇప్పుడు ఏం వంక పెడతారో పెట్టమను."

"ఆగస్టులో ఒకే బల్ల వేద్దాం అక్కా. ఎండుద్రాక్ష మానేస్తాలే."

"నాయనమ్మలే పాపం. జన్మంతా అరుచుకున్నారు. ఈ కాగితం ఒక్కసారి చూసుంటే ఎంత హాయిగా ఉండేవాళ్ళో."

ఒనీడా కళ్ళు తుడుచుకుని ఫైలు అడుగున మిగిలిన ఒక్క కాగితాన్ని తిప్పింది. 1929లో పెన్షన్ ఆఫీసుకి వచ్చిన ఉత్తరం. గొంతు తగ్గించి పైకి చదివింది.

"అయ్యా, పేజీ మీ దగ్గరే ఉందని రాసినందుకు కృతజ్ఞతలు. అది మాకు వద్దు, అక్కడే ఉంచండి. దాన్ని చూపించినా ఇక్కడ నల్లవాళ్ళమైన మమ్మల్ని ఆనాటి సైనికుల వారసుల సంఘాలు వేటిలోనూ చేర్చుకోరు. ఇంటి పోట్లాట వల్ల మాత్రం మావాళ్ళంతా ఏడాదికొకసారైనా ఒకచోట అన్నం తింటున్నారు. అది తీరిపోతే ఫిలడెల్ఫియా నుంచి అంత ఎండలో ఎవరొస్తారు? కాబట్టి మావాళ్ళు ఇంకెవరు అడిగినా తెలియదని చెప్పగలరు."

కింద ఒకే కలంతో, పక్కపక్కనే రెండు సంతకాలున్నాయి: మినర్వా వీవర్, టెంపీ వీవర్.